గోడ గీకించకండి, ముందు సాక్ష్యం భద్రం చేయండి

ప్రశ్న: మాది గుంటూరు. హాల్లో టీవీ గోడకీ, బెడ్‌రూమ్‌లో ఒక గోడకీ గ్లేజ్ ఫినిష్ (బేస్ కోట్ మీద మెరిసే పలుచని పొర వేసే అలంకరణ పెయింటింగ్) వేయడానికి విజయవాడ కాంట్రాక్టర్‌తో 1,80,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. కాగితం రాసుకోలేదు. 1,50,000 ఇచ్చాం, అందులో 60,000 నగదు. 2024 సెప్టెంబరులో పని అయింది. డిసెంబరు నుంచి రెండు గోడలూ పెచ్చులూడుతున్నాయి. బెడ్‌రూమ్ గోడ అవతల బాత్రూమ్ ఉంది. ఎప్పుడడిగినా ‘వచ్చే నెల మనిషిని పంపిస్తా’ అంటాడు. మావారికి ఒంట్లో బాగోక మేం గట్టిగా అడగలేకపోయాం. శ్రావణంలో అమ్మాయి నిశ్చితార్థం, చాలా టెన్షన్‌గా ఉంది. గోడలు గీకించి వేరేవాళ్లతో వేయించి ఆ ఖర్చు రాబట్టవచ్చా? చీటింగ్ కేసు పెడితే దారికొస్తాడని మా అన్నయ్య అంటున్నారు.

జవాబు: అవతల బాత్రూమ్ ఉందని మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. రేపు కాంట్రాక్టర్ పట్టుకునేది దాన్నే. ‘నా పని బాగానే ఉంది, గోడలోనే చెమ్మ ఉంది’ అంటాడు. పెచ్చులు చెమ్మ వల్ల ఊడాయా, పని సరిగా చేయక ఊడాయా అన్న దాని మీదే మీ కేసు తేలుతుంది.

మీకు బలం టీవీ గోడ. దాని వెనక బాత్రూమ్ గానీ, నీళ్ల పైపు గానీ, వాన కొట్టే వైపు గానీ లేకపోతే చెమ్మ సాకు అక్కడ నిలవదు. ఊడిన పెచ్చును తిప్పి చూడండి. వెనక తెల్లటి పుట్టీ పొడి అంటుకుని వస్తే పట్టు లేనిది కింద పుట్టీ, ప్రైమర్ల దగ్గరే. బేస్ కోట్ గోడకు అలాగే ఉండి గ్లేజ్ పొర ఒక్కటే లేచిపోతే, కింద కోటింగ్ ఆరకముందే పైది వేసి ఉండవచ్చు. గోడ మీద ఉప్పు పూసినట్టు తెల్లగా ఉంటే చెమ్మను అనుమానించాలి. ఏ గోడ పెచ్చులు ఆ గోడవి విడిగా కవర్లలో వేసి, తేదీ రాసి దాచండి. ఒక సివిల్ ఇంజినీరును పిలిచి రెండు గోడల్లో తేమ కొలిపించి, రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. బాత్రూమ్ వైపు గోడ సంగతి కూడా వదలొద్దు. రంగు వేసే ముందు చెమ్మ చూసి మీకు చెప్పాల్సింది అతనే కదా, చెప్పకపోవడం సేవాలోపమే అని వాదించవచ్చు.

ఇవేవీ కాకముందే గోడ గీకిస్తే కేసును మీ చేతులతో మీరే చెరిపేసినట్టు. ఫొటోలున్నాయని ధైర్యపడకండి, పొర ఎందుకు ఊడిందో ఫొటో చెప్పదు. చీటింగ్ కేసు మాట కూడా మానుకోండి. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, పని నాసిరకంగా చేసినంత మాత్రాన అది చీటింగ్ కాదు. మీరు స్టేషన్ చుట్టూ తిరిగే రోజులు కూడా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసే గడువులోంచే పోతాయి.

ఆ గడువు దగ్గరే మీరు అశ్రద్ధ చేశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. పెచ్చు మొదట ఊడిన డిసెంబరు నుంచి లెక్క అని మనం అంటాం, పని ముగిసిన సెప్టెంబరు నుంచి అని అతను అంటాడు. ఆ వాదనకు చోటివ్వకుండా 2026 సెప్టెంబరు లోపే దాఖలు చేయండి. అతను ‘వచ్చే నెల’ అన్న కొద్దీ, మీరు నోటీసులు పంపిన కొద్దీ గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

లక్షా ఎనభై వేల పనికి ఒక్క కాగితం రాయించుకోకపోవడం మీ తప్పే. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, అయితే రుజువు భారం మీ మీదే. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నగదు 60,000 అందిందని అతను వాట్సాప్‌లో ఎక్కడైనా అన్నాడేమో వెతకండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. దాని ప్రింటుతో పాటు ఆ ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే, భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి.

పదిహేను రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మిగిలిన 30,000 ఎందుకు ఆపారో అందులోనే రాయండి, లేకపోతే ఆ బాకీ కోసం అతనే దావా వేస్తాడు. జవాబు రాకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, విజయవాడ వెళ్లక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఫిర్యాదుతో పాటే, గోడలు చూసి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కమిషన్ తరఫున వచ్చి చూసే న్యాయవాదిని) నియమించమని పిటిషన్ వేయండి. కమిషనర్ వచ్చి వెళ్లాకే గీకుడు పని. అప్పటిదాకా నిశ్చితార్థానికి టీవీ గోడ ముందు పరదా కట్టి పూలదండలు వేలాడదీయండి, పరదా మేకులు మాత్రం ఆ గోడకు కొట్టనివ్వకండి.