బస్సుకు ఎడమపక్క సందులో సైకిలు

ప్రశ్న: మా అబ్బాయి మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డు మీదుగా సైకిలుపై ట్యూషనుకు వెళ్తాడు. మొన్న వీఆర్సీ సెంటరు దగ్గర ఎడమకు తిరుగుతున్న బస్సు వాణ్ణి రోడ్డు అంచుకు నొక్కేసింది. అంచునే వెళ్లమని నేనే చెప్పాను. అది తప్పా?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: మీ సలహా తప్పు కాదమ్మా, కానీ కూడలి దగ్గర మాత్రం అది చాలదు. పొడవైన వాహనం మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రాకుండా మలుపు లోపలివైపుకు జరుగుతాయి గనుక, మొదట్లో విశాలంగా కనిపించిన ఎడమపక్క సందు క్షణాల్లో మూసుకుపోతుంది. పైగా కుడివైపు కూర్చునే డ్రైవరుకు ఆ పక్కన, కిందుగా ఉన్న సైకిలు అద్దంలో కూడా కనిపించకపోవచ్చు. అందువల్ల ఆగి ఉన్న బస్సు, లారీల ఎడమ సందులోకి ఎన్నడూ దూరవద్దనీ, వాటి వెనుకే దూరంగా ఆగి, అవి తిరిగాకే కదలమనీ చెప్పండి. ఈ ఒక్క అలవాటు మిగతా జాగ్రత్తలన్నిటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ఆగి ఉన్న కార్ల పక్కగా వెళ్లేటప్పుడు తలుపు హఠాత్తుగా తెరుచుకోవచ్చు కాబట్టి కనీసం ఒక మీటరు ఎడం ఉంచాలి. ట్యూషను ముగిసేసరికి చీకటి పడుతుంది కదా, వెనుక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం తప్పనిసరిగా బిగించండి. సైకిలు హెల్మెట్ కూడా కొనండి; గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది పడగానే జారిపోతుంది. వీలైతే ఒక ఆదివారం ఉదయం మీరూ వాడితో ఆ దారిన వెళ్లి, ఎక్కడ ఆగాలో చూపించండి.