యాప్‌లో రెండేళ్లుగా డచ్ నేర్చుకుంటున్నా నోరు పెగలడం లేదు, కోర్సుకు డబ్బు కట్టాలా?

నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ నుంచి ఒక సోదరి రాశారు. బీకాం చదివి విజయవాడలో ఆరేళ్లు అకౌంట్స్‌లో పనిచేశారు. భర్తకు పక్కనే ఉన్న వెల్దోవెన్‌లో ఇంజినీర్ ఉద్యోగం రావడంతో రెండేళ్ల కిందట కెన్నిస్‌మిగ్రాంట్ కుటుంబంగా, అంటే నైపుణ్యం ఉన్న ఉద్యోగుల వీసా మీద అక్కడికి వెళ్లారు. నాలుగేళ్ల బాబు ఈ మధ్యే స్కూల్లో చేరాడు. రోజూ యాప్‌లో డచ్ పాఠాలు చేస్తున్నారట, కానీ స్కూల్ గేటు దగ్గర ఎవరైనా పలకరిస్తే ఒక్క మాటా రావడం లేదట. "ఇంగ్లిష్‌తో గడిచిపోతుంటే డచ్ ఎందుకంటారు మావారు, కోర్సులేమో చాలా ఖరీదు, ఏం చేయాలి?" అని అడిగారు.

మీవారికి ఇంగ్లిష్‌తో గడిచిపోతుందమ్మా, ఆయన ఆఫీసులో అందరిదీ అదే భాష కాబట్టి. మీ సంగతి వేరు. అకౌంట్స్ అంటేనే పన్ను శాఖ ఉత్తరాలు, ఇన్వాయిస్‌లు, బేతేవే అనే అక్కడి వ్యాట్ లెక్కలు, అవి ఎక్కువగా డచ్‌లోనే ఉంటాయి. పని చేసుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది, కెన్నిస్‌మిగ్రాంట్ భార్యకు విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు, మీకు అడ్డుగా ఉన్నది భాష ఒక్కటే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఎంతవరకు నేర్చుకోవాలన్నది. మీ వీసావాళ్లకు ఇన్‌బర్గరింగ్ పరీక్ష, అంటే వలస వచ్చినవాళ్లు డచ్ భాష, అక్కడి జీవితం తెలుసని చూపించే పరీక్ష, తప్పనిసరి కాదు, కాబట్టి ఫలానా తేదీలోపు నేర్చుకోమని ఎవరూ ఉత్తరం పంపరు, ఏళ్లు అలా జరిగిపోవడానికి సగం కారణం అదే. ఐదేళ్ల తర్వాత పర్మనెంట్ రెసిడెన్స్ కావాలంటే మాత్రం ఆ పరీక్ష రాయాలి, ఇప్పటి నియమాల ప్రకారం మీలాంటి వాళ్లకు ఏ2 స్థాయి, అంటే రోజువారీ చిన్న చిన్న మాటలు వచ్చినంత, చాలు. కానీ ఏ2తో ఉద్యోగం రావడం కష్టం. నా సలహా, దానికి పై మెట్టు అయిన బీ1కి గురి పెట్టండి. స్టాట్స్‌ఎగ్జామెన్ ఎన్‌టీ2 అని ఒక ప్రభుత్వ పరీక్ష ఉంది, అందులో ప్రోగ్రామ్ 1 బీ1 స్థాయి, ప్రోగ్రామ్ 2 బీ2 స్థాయి. మొదటిది పాసైతే రెసిడెన్స్‌కు అడిగే భాషా పరీక్షల బదులు అదే చూపించవచ్చు, అంటే ఒకే కష్టంతో రెండు పనులూ అవుతాయి.

ఇక డబ్బు సంగతి. ఖరీదైన ప్రైవేటు కోర్సుకు ఇప్పుడే కట్టకండి. ముందు మీ ఊరి లైబ్రరీకి వెళ్లి తాల్‌హౌస్ ఎక్కడుందని అడగండి. భాషా సాయం కోసమే ఉండే డెస్క్ అది, చాలా ఊళ్లలో లైబ్రరీలోనే ఉంటుంది. మీ స్థాయి ఎంతో చూసి, ఖెమేంతె, అంటే అక్కడి మున్సిపాలిటీ, ఖర్చు భరించే తరగతులు మీకు వర్తిస్తాయో లేదో వాళ్లే చెప్తారు. ఆ నిబంధనలు ఊరికో రకంగా ఉంటాయి, కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న స్నేహితురాలి మాట విని మీకు రాదని అనుకోకండి. అవి దొరక్కపోతే ఆర్‌ఓసీ అనే వృత్తి విద్యా కాలేజీల్లోనో, పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసులు నడిపే ఫోల్క్స్‌యూనివర్సిటైట్‌లోనో అడగండి. అయినా ప్రైవేటు స్కూలే మేలనిపిస్తే, బ్లిక్ ఒప్ వెర్క్ నాణ్యతా ముద్ర ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

కానీ అసలు సమస్య క్లాసు కాదమ్మా, మీరే రాశారు, నోరు పెగలడం లేదని. యాప్ తప్పు దిద్దుతుంది, ఎదురు మాట్లాడదు. వారానికి ఒక గంట ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి మీకు. లైబ్రరీల్లో తాల్‌కఫే అని జరుగుతాయి, ఒక వలంటీర్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, అందరూ నేర్చుకునేవాళ్లే కాబట్టి సిగ్గుపడే పనే లేదు. ఖిల్డె సామెన్‌స్ప్రాక్ అని చాలా ఊళ్లలో ఉంది, అందులో ఒక డచ్ వలంటీర్‌ని మీతో జత చేస్తారు, వాళ్లలో రిటైరైనవాళ్లు ఎక్కువ. వారం వారం కలిసి టీ తాగుతూనో నడుస్తూనో మాట్లాడుకోవడమే. నా అనుభవంలో గృహిణులకు దీన్ని మించిన సాయం దొరకలేదు. మీ ఊళ్లో ఆ పేరుతో లేకపోతే అలాంటిది ఇంకేముందో తాల్‌హౌస్‌లో అడగండి.

ఇంకొకటి, మీరు తడబడగానే అక్కడివాళ్లు మర్యాద కొద్దీ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. మీకు డచ్ రాదని చిన్నచూపుతో కాదు, సాయం చేద్దామనే. అప్పుడు "ఇక్ లేర్ నేడర్‌లాండ్స్" అనండి, నేను డచ్ నేర్చుకుంటున్నాను అని. ఈ ఒక్క ముక్క విని నెమ్మదిగా డచ్‌లో మాట్లాడేవాళ్లే ఎక్కువ. డచ్‌లో కొన్ని వాక్యాల్లో క్రియ చివరికి వెళ్లడం చూసి కంగారుపడకండి, మనకది కొత్త కాదు. "ఒమ్‌దాత్ ఇక్ ఇన్ ఐంధోవెన్ వోన్" అంటే "నేను ఐంధోవెన్‌లో ఉంటున్నాను కాబట్టి" అని. 'వోన్' అనే క్రియ మన 'ఉంటున్నాను'లాగే వెనక్కి వచ్చింది చూడండి. దాన్ని ఇంగ్లిష్ మీదుగా కాకుండా నేరుగా తెలుగులోంచి పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది.

బాబు స్కూలు మీకు దొరికిన పెద్ద అవకాశం. వాడు ఆరు నెలల్లో మిమ్మల్ని దాటిపోతాడు, దానికి బాధపడకండి. వాడితోపాటు సాయంత్రం పిల్లల వార్తలు, యోఖ్ట్‌జుర్నాల్, చూడండి, భాష స్పష్టంగా ఉంటుంది. తల్లిదండ్రులకు పిల్లల్ని ట్రిప్‌కు తీసుకెళ్లడం లాంటి పనులు అప్పగిస్తుంటారు, రాదని తప్పుకోకుండా పేరివ్వండి.

ఉద్యోగం విషయానికొస్తే, బీ1 వచ్చాక పీడీబీ అని డచ్‌లో ఒక బుక్‌కీపింగ్ డిప్లొమా ఉంది. డెబిట్, క్రెడిట్ మీకు వచ్చినవే, కొత్తగా నేర్చుకోవాల్సింది పదాలూ పన్ను నియమాలూ మాత్రమే. ఈలోగా ఏదైనా సంఘానికో గుడికో వలంటీర్‌గా లెక్కలు చూసిపెట్టండి, సీవీలో ఖాళీ కనపడదు, డచ్ మాట్లాడక తప్పని పరిస్థితీ వస్తుంది. తాల్‌హౌస్‌కు వెళ్లినప్పుడు వాళ్లు మీ స్థాయి ఎంతని చెప్పారో నాకు రాయండి, దాన్ని బట్టి బీ1 పరీక్ష ఎప్పుడు రాయాలో చూద్దాం.