నలభై రెండేళ్లకు నీట్ రాయొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. ఇంటర్ బైపీసీ ఫస్ట్ క్లాస్‌లో పాసైనా ఎంసెట్‌లో సీటు రాలేదు. ఆ ఏడాదే పెళ్లి చేశారు. బాబు ఉద్యోగంలో చేరాడు, పాప డిగ్రీ చదువుతోంది. ఇప్పుడు ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ రాయాలని ఉంది. మావారేమో ‘ఈ వయసులోనా, నలుగురూ నవ్వుతారు’ అంటున్నారు. అందరూ పడుకున్నాక చాటుగా చదువుకుంటున్నాను. తప్పు చేస్తున్నానా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: చదువుకోవడం తప్పెలా అవుతుందమ్మా? మీ ఇంట్లో మీరే చాటుగా చదువుకోవాల్సి రావడమే నాకు బాధగా ఉంది.

ముందు వయసు సంగతి. నీట్‌కు గరిష్ఠ వయసు నిబంధనను 2022లో తీసేశారు. అంతకుముందే, 2020లో, ఒడిశాకు చెందిన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి జయకిశోర్ ప్రధాన్ 64 ఏళ్ల వయసులో బుర్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకున్నారు. కాబట్టి వయసు గురించి టెన్షన్ వద్దు.

నా భయమల్లా ఫిజిక్స్ గురించి. పేపర్లో 180 ప్రశ్నలుంటే అందులో 90 బయాలజీవే. అవి మీకు త్వరగానే పట్టుబడతాయి. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలు, చాలావరకు లెక్కలతో ముడిపడినవే. పైగా తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. పాతికేళ్ల తర్వాత ఆ సూత్రాలు మళ్లీ చేతికి రావాలంటే రోజూ సాధన చేయాలి, అదీ పగటిపూట, బుర్ర చురుగ్గా ఉన్నప్పుడు. రోజంతా పని చేసి అలసిపోయాక అర్ధరాత్రి కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకే ఇంట్లో చెప్పక తప్పదు.

మీవారిది వట్టి పరువు భయమేనా? నాకలా అనిపించడం లేదు. నాలుగున్నరేళ్ల కోర్సు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్, అందులో నైట్ డ్యూటీలు. సీటు వేరే ఊళ్లో వస్తే హాస్టల్. ‘మరి ఇల్లెలా?’ అన్న దిగులు ఆయనకు ఉండే ఉంటుంది, పైకి చెప్పలేకపోతున్నారేమో. మీరే ఆ మాట ఎత్తండి. డబ్బు విషయం కూడా దాచకుండా మాట్లాడండి. నా అభిప్రాయం అడిగితే, ఫీజు తక్కువగా ఉండే కన్వీనర్ కోటా సీటు కోసమే ప్రయత్నించండి. ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. దానికోసం పాప చదువుకు దాచిన డబ్బు తీయొద్దు, అప్పు చేయొద్దు. ఆయుర్వేదం, హోమియో సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే ఇస్తారు. ఆ దారి మీకు ఇష్టమో కాదో ఇప్పుడే ఆలోచించుకోండి.

లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. ఇంటర్ రెండేళ్ల ఫిజిక్స్ పుస్తకాలు తెచ్చుకుని నాలుగు నెలలు పట్టుగా చదవండి. నీట్ పేపర్ తెలుగులోనూ ఇస్తారు. పాతది ఒకటి తీసుకుని ఒక ఆదివారం మూడు గంటలు గడియారం ముందు పెట్టుకుని రాయండి. మార్కులు మీరే వేసుకుని మీవారికి చూపించండి. ఆ రోజు వంట మాత్రం ఆయనకూ పిల్లలకూ అప్పజెప్పండి.