మెమొరీ కార్డు నుంచి ట్యాబ్‌లోకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని మా అబ్బాయి కెమెరాతో వీడియో తీశాడు. కెమెరాలోది 64 జీబీ మైక్రో ఎస్డీ కార్డు. దాన్ని పెద్ద కార్డు ఆకారంలో ఉండే అడాప్టరులో పెట్టి వాడుతున్నాం. మంచం దిగలేని మా అత్తగారికి ట్యాబ్‌లో చూపిద్దామని అమలాపురంలో టైప్-సీ కార్డు రీడరు కొని తగిలిస్తే, ఈ కార్డును చదవలేనని, ఫార్మాట్ చేయమని ఆండ్రాయిడ్ ట్యాబ్ అడుగుతోంది. అడాప్టరు పాడైందని, కొత్తది కొనమని దుకాణదారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట మండలం

జవాబు: ఏం చేసినా ఫార్మాట్ మీట మాత్రం నొక్కకండి. నొక్కితే తీర్థం వీడియోలు పోతాయి. పోయినవాటిని వెలికితీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నా, అన్నీ తిరిగి దొరుకుతాయన్న హామీ లేదు.

అడాప్టరును అనుమానించనక్కరలేదని నా అభిప్రాయం. అందులో చిప్పు ఏదీ ఉండదు; చిన్న కార్డు మీది లోహపు పట్టీలను పెద్ద స్లాటులోని పిన్నులకు కలిపే తీగలు మాత్రమే ఉంటాయి. అదే అడాప్టరుతో కార్డును మళ్లీ కెమెరాలో పెట్టి చూడండి. వీడియోలు కనిపిస్తే కార్డూ, అడాప్టరూ రెండూ బాగున్నట్టే. రీడరులో మైక్రో ఎస్డీ స్లాటు కూడా ఉంటే అడాప్టరు తీసేసి కార్డును నేరుగా అందులో పెట్టండి. అప్పుడూ అదే సందేశం వస్తే, చిక్కు కార్డు మీద ఫైళ్లను అమర్చిన పద్ధతిలో ఉన్నట్టు దాదాపు తేలిపోతుంది.

ఎస్డీ ప్రమాణాల ప్రకారం 32 జీబీ వరకు ఉండే ఎస్డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలోను, అంతకు మించి 2 టీబీ వరకు ఉండే ఎస్డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోను ఉంటాయి. మీ 64 జీబీ కార్డు రెండో రకానిది. కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో, ముఖ్యంగా పాతవాటిలో, చవకవాటిలో, ఎక్స్‌ఫ్యాట్‌ను చదివే ఏర్పాటును తయారీదారులు చేర్చలేదు. తనకు అర్థం కాని కార్డు కనిపించగానే అలాంటి ట్యాబ్ దాన్ని ఖాళీ కార్డుగానో, పాడైన కార్డుగానో లెక్కగట్టి ఫార్మాట్ చేయమంటుంది.

అన్నిటికంటే సులువైన దారి కార్డును కెమెరాలోనే ఉంచి, కెమెరానే ట్యాబ్‌కు కేబులుతో కలపడం. కెమెరాలోని యూఎస్‌బీ అమరికల్లో ఎంటీపీ లేదా పీటీపీ (ఫైళ్లను ఒక పరికరం నుంచి మరోదానికి అందించే పద్ధతులు) అన్నది ఉంటే దాన్ని ఎంచుకోండి. అప్పుడు కార్డును చదివే పని కెమెరాదే అవుతుంది, ట్యాబ్ ఫైళ్లను మాత్రం అందుకుంటుంది కనుక ఎక్స్‌ఫ్యాట్ గొడవ ఉండదు. కొన్ని కంపెనీల పరికరాల్లో ఓటీజీ (రీడరు, కెమెరా లాంటివాటిని తగిలించుకోనిచ్చే ఏర్పాటు) అన్న మీటను సెట్టింగుల్లో ముందుగా ఆన్ చేయాలి. కాసేపు వాడకపోతే అది దానంతటదే ఆగిపోతుంది కూడా. రీడరైనా, కెమెరా అయినా ట్యాబ్ నుంచే కొంత కరెంటు లాగవచ్చు కాబట్టి, ముందు ట్యాబ్‌ను బాగా చార్జి చేయండి.

కెమెరాతో కుదరకపోతే కంప్యూటరును మధ్యవర్తిగా పెట్టుకోవాలి. విండోస్ కంప్యూటర్లు ఎక్స్‌ఫ్యాట్‌ను ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాయి. వీడియోలను అందులోకి కాపీ చేసి, అక్కడి నుంచి కేబులుతో ట్యాబ్‌లోకి పంపండి. 32 జీబీ కార్డు ఒకటి తెచ్చి దాని ద్వారా పంపాలనుకుంటే ఒక హద్దు గుర్తుంచుకోవాలి: ఫ్యాట్32లో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. గంగలకుర్రు ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక నదిని దాటిస్తున్నప్పుడు కెమెరా ఆపే మనిషిని నేనింతవరకు చూడలేదు. అయితే సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరాలో దాదాపు 11 నిమిషాలకే ఫైలు ఆ హద్దును తాకుతుంది. అంత పెద్ద ఫైలును కంప్యూటరులో ముక్కలు చేశాకే 32 జీబీ కార్డులోకి ఎక్కించాలి. ట్యాబ్‌లో వీడియోలు మొదటి నుంచి చివరి దాకా ఆడుతున్నాయని చూసుకున్న తరువాతే, ఆ 64 జీబీ కార్డును ఖాళీ చేసే ఆలోచన చేయండి.

ప్రశ్న: మా పాత ఐప్యాడ్‌కు కార్డు రీడరు తగిలిస్తే కెమెరా ఫొటోలు వస్తున్నాయి గాని, అదే కార్డులో ఉన్న పాటలు కనిపించడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13కు ముందు ఆ రీడరు కెమెరా కోసమే పనిచేసేది, కార్డులో కెమెరాలు ఫొటోలను దాచే డీసీఐఎం అనే ఫోల్డరులో ఉన్న ఫొటోలను, వీడియోలను మాత్రమే దింపుకునేది. మీ ఐప్యాడ్ 13కు గాని ఆ తరువాతి వెర్షనుకు గాని అప్‌డేట్ అయ్యేదైతే, ఫైల్స్ యాప్‌లో కార్డు పేరు కనిపిస్తుంది, పాటలను అందులోంచి కాపీ చేసుకోవచ్చు. అవి ఫైల్స్‌లోనే ఆడతాయి, మ్యూజిక్ యాప్ జాబితాలో చేరవు.

ప్రశ్న: అడాప్టరులో పెట్టిన కార్డు నుంచి ఫైళ్లు ట్యాబ్‌లోకి వస్తున్నాయి, కాని కార్డులోకి ఏదీ ఎక్కడం లేదు, అందులోనివి చెరగడమూ లేదు.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: అడాప్టరు పక్క అంచున ఉండే చిన్న లాక్ మీట కిందికి జారి ఉంటుంది, లోహపు పట్టీల వైపుకు నెట్టండి. ఆ మీట విరిగి పడిపోయి ఉంటే, దాని గాడి మీద పలుచని సెల్లో టేపు ఒక్క పొర అంటిస్తే సరిపోతుంది. రెండు మూడు పొరలు చుడితే కార్డు స్లాటులో ఇరుక్కుంటుంది.