క్యాన్సర్ మీద ప్రాజెక్టు చేస్తానన్న మా అమ్మడికి

బరంపురం

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన సినాప్సిస్ నిదానంగా చదివాను. ‘బిళ్ళగన్నేరు ఆకు రసంతో నోటి క్యాన్సర్ నివారణ’ అని పేరు పెట్టావు. నీ చేతిలో ఉన్నది ఒక్క సెమిస్టరు. మీ కాలేజీలో కణాలు పెంచే ఏర్పాటు లేదు, భువనేశ్వర్ వెళ్ళి ఎవరి ల్యాబ్‌లోనో బతిమాలుకోవాలి. ఇన్నేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పి, ఎందరెందరి ప్రాజెక్టులు దిద్దినదాన్ని కాబట్టి చెబుతున్నాను: ఇప్పటికి మందు సంగతి పక్కన పెట్టు. కారణం పట్టుకో. నువ్వున్న చోట కారణం మీ గుమ్మం ముందే కనిపిస్తుంది.

శ్రీకాకుళం నుంచి ఇటు గంజాం దాకా సముద్రం ఒడ్డు ఊళ్ళలో అడ్డపొగ అలవాటు ఉంది కదా, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. జాలరిపేటల్లో ముసలమ్మలు ఇప్పటికీ కాలుస్తారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్ళు పరీక్షించి, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన మెహతా, వాళ్ళ తోటివాళ్ళు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. ముందు అది సంపాదించి చదువు. గట్టి అంగిలి మీద క్యాన్సర్ లోకంలో చాలాచోట్ల అరుదు. అడ్డపొగ ఊళ్ళలో మాత్రం అంగిలికే ముప్పు. పొగ, వేడి ఎక్కడ తగులుతాయో అక్కడే జబ్బు లేస్తోంది. కారణం వెతికేవాళ్ళకు ఇంత స్పష్టమైన ఆనవాలు అరుదుగా దొరుకుతుంది.

ఆ పరిశీలన జరిగి యాభై ఏళ్ళు దాటాక మనవైపు ఆ అలవాటు ఎంత మిగిలింది, ఎవరు మానారు, మానినవాళ్ళు దేనికి మళ్ళారు? ఇది నీ ప్రాజెక్టుకు సరిపోయే ప్రశ్న. చిన్నదని చిన్నబుచ్చుకోకు.

ప్రశ్నల కాగితం తయారుచేయడమే అసలు పని. ‘పొగాకు వాడతారా?’ అని అడిగితే సగంమంది లేదంటారు, అది అబద్ధమూ కాదు. పొగాకు కలిపిన గుడాఖుతో పళ్ళు తోముకునే ఆవిడ దాన్ని పొగాకు లెక్కలో వేసుకోదు, పళ్ళపొడి అనుకుంటుంది. అందుకని ఒక్కొక్కటీ విడిగా అడుగు: చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, గుడాఖు, పాన్. చుట్ట అయితే నిప్పు లోపలికా బయటికా అని తప్పకుండా అడగాలి. పాన్ అయితే వక్క, పొగాకు వేరువేరుగా రాసుకో, ఎందుకంటే పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఎన్నో ఏట మొదలైందో అడిగితే ఎవరికీ గుర్తుండదు. పెళ్ళికి ముందా, పెద్దపిల్ల పుట్టాకా అని అడుగు, టక్కున చెబుతారు. కాగితం ఒడియాలో ఒక్కటే కాకుండా తెలుగులో కూడా ఉండాలి, ఆ పేటల్లో ఇంట్లో మాట్లాడేది మన తెలుగే.

జబ్బున్నవాళ్ళను మాత్రమే అడిగి లెక్క తేల్చకు. 1950లో లండన్ ఆసుపత్రుల్లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనూ, వేరే జబ్బులతో చేరినవాళ్ళనూ పొగతాగే అలవాటు గురించి ఒకే ప్రశ్నలు అడిగించారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. కొంతమందిని క్యాన్సర్ అనుకునే ప్రశ్నలు అడిగారు, తర్వాత పరీక్షల్లో క్యాన్సర్ కాదని తేలింది. వాళ్ళ సిగరెట్ల లెక్క క్యాన్సర్ రోగుల లెక్కతో కలవలేదు, మిగతా జబ్బులవాళ్ళతోనే కలిసింది. అంటే అడిగేవాళ్ళ మనసులో ఉన్న అనుమానం జవాబులను వంచలేదని తేలింది. నువ్వూ అలాంటి పరీక్ష పెట్టుకోవాలి. వయసు కూడా చూసుకో. ముసలివాళ్ళకు క్యాన్సర్ ఎక్కువ, అడ్డపొగ కాల్చేదీ ముసలివాళ్ళే. ఒకే వయసువాళ్ళను పక్కపక్కన పెట్టకపోతే నీ లెక్క నిలబడదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క ఇంటి తలుపు కూడా తట్టకు. చదువురాని ఆవిడ దగ్గర వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి అయిపోదు. కాగితంలో ఏముందో ఆవిడ భాషలో చదివి వినిపించాలి, సాక్షి ఉండాలి, వద్దంటే నవ్వుతూ లేచి రావాలి. టార్చి వేసి నోళ్ళు నువ్వు చూడకు, నువ్వు డాక్టరువి కావు. కానీ మూడు వారాలైనా మానని పుండు ఉందని ఎవరైనా అంటే, ఫారం పక్కనపెట్టి బరంపురం పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పు. కుదిరితే తోడు వెళ్ళు. ఆ పూట డేటా పోయినా పోనీ.

ఇక నీ బిళ్ళగన్నేరు. ఆ మొక్క మీద నీకున్న మోజు ఊరికే పుట్టలేదని తెలుసు. మధుమేహానికి వాడతారని జమైకా నుంచి తెప్పించిన ఆకును 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. అక్కడి నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది, అదే మొక్క నుంచి తర్వాత విన్‌క్రిస్టిన్ కూడా. అయితే అవి శుద్ధిచేసి, డోసు లెక్కగట్టి నరానికి ఇచ్చే మందులు. ఆకు రసం తాగితే విషం. నీ ప్రాజెక్టు పేరు చూసి ఏ పిన్నో పెరట్లో ఆకు దంచుకు తాగితే ఎంత ప్రమాదమో ఆలోచించు.

రేపు పీహెచ్‌డీలో ఆ పని చేస్తావనుకుందాం. ప్లేటులో కణాలు చావగానే మందు దొరికిందని సంబరపడకు, బ్లీచింగ్ పౌడరు వేసినా చస్తాయి. పక్కన మామూలు కణాలు పెట్టి చూడాలి. కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణం పసుపు రంగును ఊదాగా మారుస్తుంది. కొన్ని ఆకు రసాలు కణం లేకుండానే ఆ రంగు మార్చేస్తాయి. అందుకని ప్లేటులో కణాలు లేని గుంటల్లో రసం ఒక్కటే పోసి చూడాలి. రసం కరిగించిన ద్రావకం ఒక్కటే పోసిన గుంటలూ ఉండాలి. కణాలు ఎక్కడివో అడగడం మర్యాద తక్కువ పనేం కాదు. ల్యాబుల్లో విరివిగా పెంచే హీలా అనే క్యాన్సర్ కణాలు కలిసిపోయి, వేరే పేరుతో ఏళ్ళ తరబడి ప్రయోగాలు సాగిన ల్యాబులున్నాయి. పుణె జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవడం మేలు.

ప్రయోగ వైద్యం గురించి రాయడం ఎలాగో అమెరికా డాక్టరు ఫార్బర్ దగ్గర నేర్చుకో. ఫోలిక్ యాసిడ్ రకం మందులిస్తే పిల్లల్లో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఇంకా వేగంగా పెరిగినట్టు ఆయనకు అనిపించింది. మరి దానికి అడ్డుపడితే? ఆ అడ్డుపడే మందు లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చింది. 1948లో 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే ఆ మందు ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించింది. అప్పటిదాకా ఏ దారీ లేని జబ్బు అది. అయినా పేపరు పేరులోనే ‘తాత్కాలికం’ అని రాసుకున్నారు.

ఊళ్ళో తిరుగుతుంటే ‘కొత్త మందేదైనా వచ్చిందా అమ్మా’ అని తప్పకుండా అడుగుతారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కార్-టీ చికిత్సకు (రోగి సొంత రక్షణ కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతి) 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు, నోటి పుండుకు కాదు. ఆ తేడా చెప్పకుండా ఆశ పెట్టకు. ఎవరైనా ట్రయల్ అని పిలిస్తే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో దాని నంబరు ఉందో లేదో ఆ ఇంటివాళ్ళకు నువ్వే వెతికిపెట్టు. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు గుంజేవాణ్ణి గడప దాటనివ్వొద్దని చెప్పు.

సినాప్సిస్ మార్చి ముందు మీ గైడ్ సార్‌కి చూపించు. ఒప్పుకుంటే ప్రశ్నల కాగితం తెలుగులో రాసి నాకు పంపు. గోపాల్‌పూర్ జాలరిపేటలో నాకు తెలిసిన ఆశా కార్యకర్త ఉంది, కమిటీ అనుమతి రాగానే పరిచయం చేస్తాను.

మీ పెద్దమ్మ