పదో తరగతి పిల్లాడి చేతిలో క్యాలిక్యులేటర్ ఉండొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మీ అబ్బాయి కడపలో పదో తరగతి చదువుతున్నాడు, లెక్కలైనా ఫిజిక్సైనా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టుకునే చేస్తాడు, పద్నాలుగు ఆర్లు ఎంతంటే కూడా ఫోనే చూస్తాడు. లాక్కోవాలా, వదిలేయాలా?

లాక్కోకండి. కానీ లెక్క మొదలుపెట్టేటప్పుడు మాత్రం అది చేతిలో ఉండకూడదు. నేను అనంతపురంలో ఇంటి దగ్గర పది, ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. చూసిందే చెబుతున్నా.

పరీక్షల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో, ఆ తర్వాత ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్‌లలో క్యాలిక్యులేటర్‌ను లోపలికి రానివ్వరు. ఇంజనీరింగ్‌కు వెళ్తే వాడనిస్తారు, ఇంజనీరింగ్ తర్వాత పై చదువులకు రాసే గేట్ పరీక్షలోనైతే స్క్రీన్ మీద వాళ్లే ఇస్తారు. అంటే మీ వాడికి కనీసం ఇంకో మూడేళ్లు చేత్తోనే పని.

అయితే నా భయం పరీక్షల గురించి కాదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది మెకానిక్స్ పరీక్షకు రూమ్మేట్ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ అడిగి తీసుకెళ్లాను. 100 న్యూటన్ల బలం, 45 డిగ్రీల కోణం, అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని ప్రశ్న. కాస్ నొక్కితే 52.5 వచ్చింది, సైన్ నొక్కితే 85.1. అలాగే రాసేశాను. ఆ క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో, అంటే కోణాన్ని కొలిచే ఇంకో కొలతలో ఉంది. 45 డిగ్రీలకు సైన్, కాస్ రెండూ ఒకటే, రెండు జవాబులూ 70.7 రావాలని పదో తరగతిలోనే చదువుకున్నాను. రెండు వేర్వేరు అంకెలు కళ్లెదుట ఉన్నా అనుమానం రాలేదు. మార్కులు పోయినందుకు కాదు, అనుమానం రానందుకు ఆ రోజు చాలా బాధపడ్డాను.

మా నాన్న శెనక్కాయల వ్యాపారం చేసేవారు. మూట 37 కిలోలు, కిలో 62 అంటే, అరవైతో 2,220, పైన రెండుకు 74, మొత్తం 2,294 అని నోటితోనే చెప్పేవారు. ఎవరైనా చీటీలో 22,940 అని రాస్తే చదివీ చదవకముందే "తప్పప్పా ఇది" అనేవారు. పిల్లలకు రావాల్సింది ఆ "తప్పప్పా" అనే చూపు. క్యాలిక్యులేటర్ జవాబు ఇస్తుంది గానీ ఆ చూపును ఇవ్వదు.

పోయినేడు ఒక పాప కరెంటు పాఠంలో 4 ఓముల, 6 ఓముల రెసిస్టర్లను సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం ఎంత అనే లెక్క చేసింది. ఒకటి బై నాలుగు, ఒకటి బై ఆరు నొక్కి కూడితే 0.4167 వచ్చింది. అదే జవాబని గీత గీసింది. చేత్తో చేసి ఉంటే 5/12 వచ్చేది, దాన్ని తిరగేయాలని భిన్నాన్ని చూడగానే గుర్తొచ్చేది: 12/5, అంటే 2.4. పాపను అడిగాను: "రెండూ 4 ఓములే అయితే ఎంతమ్మా?" "2 సార్." "రెండూ 6 అయితే?" "3." "మరి 4, 6 కలిపితే?" కాసేపు ఆలోచించి "రెంటికీ మధ్యలో రావాలి" అంది. తన జవాబును తనే కొట్టేసింది.

అప్పటినుంచి మా ట్యూషన్‌లో ఒకే పద్ధతి. లెక్క చదవగానే జవాబు సుమారుగా ఎంత రావచ్చో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయాలి. తర్వాత చేత్తో చెయ్యాలి. చివర్లో సరిచూసుకోవడానికి క్యాలిక్యులేటర్. అంచనా తప్పినా ఏమీ అనను, రాయకపోతేనే అంటాను. 20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు నోటికి రావాలి, ఇందులో మాత్రం బేరం లేదు.

ఇంకొకటి, ఫోన్ వద్దు. సరిచూడటానికని తీసినవాడు వాట్సాప్‌లో తేలతాడు. బజార్లో చిన్న క్యాలిక్యులేటర్ కొనివ్వండి.

మొదటి రెండు వారాలు కష్టంగానే ఉంటుంది. గంటలో అయ్యే హోంవర్క్ రెండు గంటలు పడుతుంది, విసుక్కుంటాడు, మీకూ టెన్షన్‌గానే ఉంటుంది. అప్పుడు పక్కన కూర్చుని "సుమారుగా ఎంత రావచ్చు నాన్నా?" అని అడగండి, జవాబు మీరు చెప్పొద్దు. పబ్లిక్ పరీక్షలు మార్చిలో కాబట్టి దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి. సంక్రాంతి దాటాక అలవాటు మార్చడం మా పిల్లల్లో చాలామందికి కుదరలేదు.