అతికించే ముందు

చి. మేనకోడలికి,

నువ్వు పోగేసిన పాత తాళాలు, గడియారం చక్రాలు, కుర్చీ కోళ్ళ ఫొటోలు చూశానమ్మా. మంచి సరుకు. కానీ అన్నిటినీ ఒకే బొమ్మలో ఇరికించాలన్న ఆరాటం కనిపిస్తోంది. పికాసో 1942లో ఎద్దు తల చేసింది రెండే వస్తువులతో: సైకిలు సీటు, హ్యాండిలు. అవి సైకిలు భాగాలని తెలుస్తూనే ఉంటుంది, ఎద్దూ కనిపిస్తూనే ఉంటుంది. పాత వస్తువులు కలిపి బొమ్మ చేసే ఈ కళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. వస్తువు కొత్త రూపంలోకి వచ్చినా దాని పాత బతుకు చెరిగిపోకూడదు.

అందుకే తళతళలాడేలా తోమకు. చేతులు పట్టి పట్టి నున్నబడ్డ పిడి నువ్వు చెక్కలేనిది, దాన్ని అలాగే ఉంచు. రాలే తుప్పును వైరు బ్రష్షుతో దులిపి పల్చగా మైనం పట్టిస్తే చాలు. పాత రంగులో విషమైన సీసం ఉండవచ్చు, సాండ్ పేపరు పెట్టి పొడిగా రుద్దకు. చెక్కకు సన్న చిల్లులుండి పొడి రాలుతుంటే లోపల పురుగుంది. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచు.

రంగు వేయకూడదని కాదు. లూయీజ్ నెవెల్సన్ అనే అమెరికన్ శిల్పి చెక్క ముక్కలన్నిటికీ నల్లరంగు వేసి గోడంత శిల్పాలు నిలబెట్టింది. ఆ దారిలో వెళ్తే మొత్తానికీ వెయ్యి, సగంలో ఆగకు.

ఇక బిగింపు. ముందు అన్నీ విడిగా పేర్చి ఫొటో తీసుకో, కొన్నాళ్ళు అలాగే వదిలెయ్యి. రోజూ వచ్చి చూడు, ఒక్కోటి తీసి చూడు. తీసినా లోటు తెలియని వస్తువు అక్కడ అక్కర్లేదు. గ్లూ గన్ను నమ్మకు, వేడికి ఆ జిగురు మెత్తబడి బరువున్నవి జారిపోతాయి. గాజును ఇనుముకు అతకాలంటే ఎపాక్సీ (రెండు గొట్టాల్లోది కలిపి వాడే గట్టి జిగురు) వాడు, తక్కిన చోట్ల స్క్రూలు, బోల్టులు, తీగ. మనసు మారితే విప్పుకోవచ్చు, వస్తువూ పాడవదు. పాత చెక్క ఇట్టే చీలుతుంది కాబట్టి స్క్రూ కన్నా సన్నని డ్రిల్ బిట్టుతో ముందే రంధ్రం వెయ్యి. తేమకు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, రేకు ఉబ్బదు. అందుకే చెక్క మీద రేకును ఒకవైపు గట్టిగా బిగించి, రెండోవైపు రంధ్రాన్ని కాస్త కోలగా చెయ్యి.

ఈసారి బొమ్మ వెనకవైపు కూడా ఫొటో తీసి పంపు. బిగింపులు చూడాలి.

ఆశీస్సులతో,
మామయ్య